ముందు కన్ను, తర్వాత కత్తెర

అక్వేరియం ఉన్న ఇంటికి చుట్టాలొస్తే మొదటి నిమిషం చేపల్ని చూసి మురిసిపోతారు. రెండో నిమిషంలో మెడ ముందుకు చాచి, "ఏమండీ, ఆ ఆకుల మీద పాచేమిటి?" అంటారు. మూడో నిమిషానికి సలహాలు మొదలవుతాయి. బాబాయిగారు ఉప్పు వెయ్యమంటారు. పిన్నిగారు నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు సబ్బు పెట్టి కడగమంటారు. పక్కింటి కుర్రాడు "అంకుల్, ఓ సక్కర్ ఫిష్ పడెయ్యండి, మొత్తం నాకేస్తుంది" అంటాడు. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురి సలహాలూ పనికిరావు. ఉప్పు నాచుకంటే ముందు మొక్కని చంపుతుంది, సబ్బు చేపని చంపుతుంది. సక్కర్ సంగతి తర్వాత చెప్తాను, దాని కథ పెద్దది.

మీ ఇంట్లోనూ ఓ గాజుతొట్టె ఉందనీ, అందులో ప్లాస్టిక్‌వి కాకుండా నిజం మొక్కలే ఉన్నాయనీ అనుకుని మాట్లాడుతున్నాను. తొట్టె లేనివాళ్ళు కూడా లేచి వెళ్ళక్కర్లేదు. నాచు ప్రస్తావన వస్తే లండన్ దాకా, డైనమైట్ దాకా, కైకలూరు చేపల చెరువుల దాకా వెళ్ళిరావచ్చు. కాలక్షేపానికి లోటుండదు.

అసలు ముక్క ముందే చెప్పేస్తాను. ఆకు మీద కనిపించిందల్లా నాచు కాదు. నాచులన్నీ ఒక జాతివీ కాదు. ఒకదాన్ని మూడు రోజుల్లో మట్టుబెట్టే ఉపాయం ఇంకోదాన్ని కనీసం కదిలించదు. అందుకని అదేమిటో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇకమీద నేను చెప్పేదంతా ఈ ముక్కకి టీకా తాత్పర్యాలే.

ఈ బాధ మనతో మొదలైంది కాదు లెండి. 1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఓ 12 గ్యాలన్ల గాజుపాత్రలో రెండు బంగారు చేపల్నీ, వాలిస్నేరియా మొక్కనీ పెట్టాడు. చేప వదిలేది మొక్క తీసుకుని, మొక్క వదిలేది చేప తీసుకుని, నీళ్ళు మార్చకుండానే రెండూ బతుకుతాయా అని ఆయన పరీక్ష. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ముదురాకులు కుళ్ళడం, గాజుకీ మొక్కకీ జిగురుపాచి పట్టడం మొదలైంది. ఆయన చెరువు నత్తలు కొన్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళినాకునీ, పాచినీ తినేశాయి. తొట్టె తేటపడింది. 1850లో ఈ సంగతంతా అక్కడి కెమికల్ సొసైటీకి రాసి పంపాడు. మొక్కా, చేపా కలిసి బతికే తొట్టెల కథ ఇక్కడే మొదలైందంటారు. చూశారా, అక్వేరియం పుట్టిన ఏడాదే పాచి కూడా పుట్టింది! ఇక మనమెంత?

సరే, కన్ను పెట్టడం అంటే ఎలా? నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గోటితో గీకితే వస్తుందా, రాదా? వేళ్ళతో పట్టి లాగితే పోగులుగా వస్తుందా, పొరగా లేస్తుందా? బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏం వాసన? పట్టింది ముదురాకు మీదా, లేతాకు మీదా? డబ్బు ఖర్చు లేదు, పుస్తకం అక్కర్లేదు. ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ముప్పావువంతు పని అయిపోయినట్టే.

మొదట గోధుమరంగు పొర. తొట్టె పెట్టిన మొదటి నెలా రెండు నెలల్లో ఆకుల మీదా, ఇసక మీదా, గాజు మీదా బురదరంగులో దుమ్ము పడ్డట్టు కనిపిస్తుంది. వేలితో రాస్తే ఇట్టే పోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. కొత్తగా తొట్టె పెట్టినవాళ్ళు దీన్ని చూసే బెంబేలెత్తిపోతారు. ఇవి డయాటములు. ఒక్కొక్కటీ ఒక్క కణం, దాని చుట్టూ సిలికాతో, అంటే గాజులో ఉండే సరుకుతోనే, ఓ పెంకు. సముద్రాల్లో, సరస్సుల్లో ఇవి చచ్చి అడుగున చేరి లక్షల ఏళ్ళలో మెత్తటి తెల్లమట్టి అవుతాయి. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో డైనమైట్ మీద పేటెంటు తీసుకున్నాడే, అందులో నైట్రోగ్లిజరిన్‌ని పీల్చి పట్టి ఉంచింది ఈ మట్టే. అంతటి మహానుభావులు మీ తొట్టెలో ఆకు మీద కూర్చున్నారన్నమాట. వీటికి మందు వెయ్యకండి. ఆకుని రెండు వేళ్ళ మధ్య పెట్టి సున్నితంగా తుడవండి, వారంవారం కొంత నీళ్ళు మార్చండి. మొక్కలు వేరూని ఎదగడం మొదలెట్టాక చాలా తొట్టెల్లో ఇది దానంతటదే పోతుంది. ఇక్కడ కావలసింది ఓపిక. అది ఏ షాపులోనూ దొరకదు.

రెండోది పచ్చచుక్కలు. గాజు మీదా, అనూబియాస్‌లాంటి నెమ్మదిగా పెరిగే మొక్కల దళసరి ఆకుల మీదా గుండ్రంగా, గట్టిగా ఉంటాయి. గోరు విరుగుతుందేమో గానీ చుక్క రాదు. గాజు మీదివైతే బ్లేడుతో గీకెయ్యవచ్చు. యాక్రిలిక్ తొట్టె అయితే బ్లేడు తగలనివ్వకండి, గీతలు పడిపోతాయి, పాత ఏటీఎం కార్డు చాలు. ఆకు మీద బ్లేడు నడవదు కదా, బాగా పట్టిన ఆకుని కాడతో సహా కోసెయ్యడమే. చుక్కలు ఎక్కువగా వస్తున్నాయంటే రెండు కారణాలు అనుమానించాలి. లైటు మరీ ఎక్కువైందేమో, నీళ్ళలో ఫాస్ఫేటు మరీ తక్కువైందేమో. "అదేమిటండీ, ఎరువు ఎక్కువైతే కదా నాచు పట్టేది?" అంటారని తెలుసు. ఆ మాట దగ్గరికే వస్తాను, కాస్త ఆగండి. ఈలోగా అనూబియాస్‌ని దీపం నడినెత్తి నుంచి తప్పించి, పొడుగు మొక్కల నీడకి మార్చండి.

మూడోది పోగుల నాచు. ఇందులో రకాలున్నాయి. మెత్తగా, పచ్చగా, జుట్టులాగా వేలాడేది ఒకటి. ముట్టుకుంటే జారిపోతూ, వేళ్ళ మధ్య తెగిపోయేది స్పైరోగైరా. తొమ్మిదీ పదీ తరగతుల్లో మనందరం బొమ్మ వేసిన పాత నేస్తమే. ముతకగా, కొమ్మలు కొమ్మలుగా, కాస్త నీచువాసనతో గట్టిగా పట్టుకుని ఉండేది క్లాడోఫోరా. ఏదైనా సరే, మొదటి ఆయుధం పాత టూత్‌బ్రష్. నాచులో పెట్టి గుండ్రంగా తిప్పండి, పోగులన్నీ బ్రష్‌కి చుట్టుకుని ముద్దగా వచ్చేస్తాయి. తెంపిన తుంపులు నీళ్ళలో తేలనివ్వకండి, ప్రతి తుంపూ ఎక్కడ ఆనితే అక్కడే కాపురం పెడుతుంది. అందుకే పక్కనే సైఫన్ గొట్టం నడుస్తూ ఉండాలి. నాచుమొక్క, అదే మాస్, ఉన్న తొట్టెలో క్లాడోఫోరా చేరితే విడదియ్యడం బ్రహ్మతరం కాదు. ఆ మాస్‌ని మొత్తం తీసి పారేసి కొత్తది పెట్టుకోవడమే సుఖం.

నాలుగోది నల్లగడ్డం. అక్వేరియం పెట్టినవాళ్ళని అందరికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. ఆకు అంచుల వెంబడి, ఫిల్టర్ గొట్టం మూతి దగ్గర, చెక్కదుంగ మీద నల్లగానో, ముదురు బూడిదరంగులోనో పొట్టి పొట్టి కుచ్చులుగా లేస్తుంది. లాగితే ఆకైనా చిరుగుతుంది గానీ అది ఊడదు. చూడ్డానికి నలుపు, కులానికి ఎరుపు! అవునండీ, ఇది ఎర్ర శైవలాల జాతి. నమ్మకం లేకపోతే ఓ కుచ్చుని కోసి సర్జికల్ స్పిరిట్‌లో వేసి ఉంచండి, నలుపు పోయి ఎరుపు బయటపడుతుంది. మన వంటింట్లో చైనాగ్రాస్ అని పాలల్లో కాచి స్వీటు చేస్తామే, అది తీసేదీ ఎర్ర శైవలాల నుంచే. సముద్రంలో ఉన్న అన్నదమ్ములు విందుకి పనికొస్తారు, మనింట్లో ఉన్నవాడు మాత్రం ఇలా తయారయ్యాడు.

నల్లగడ్డానికి ఇష్టమైనవి రెండు: కుళ్ళిన చెత్త, నిలకడలేని కార్బన్ డయాక్సైడ్. ఫిల్టర్ స్పాంజి నెలల తరబడి కడగనివాళ్ళ దగ్గరా, పంచదారా ఈస్టూ కలిపిన సీసాతో ఓ రోజు గ్యాస్ ఎక్కువా, ఓ రోజు తక్కువా ఇచ్చేవాళ్ళ దగ్గరా ఇది బాగా వర్ధిల్లుతుంది. లైటు మూడు రోజులు ఆర్పినా దీనికి చీమ కుట్టినట్టుండదు. దీని విరుగుడు తర్వాత చెప్తాను.

అయిదోది నీలిపచ్చ పొర. ఇసక మీంచి మొదలై ఆకుల మీదికి మెత్తటి దుప్పటి కప్పేస్తుంది. పట్టి లాగితే మొత్తం ఒక్క పొరగా లేస్తుంది, ఆకుకి అంటుకుని ఉండదు. వాసన చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. ఇది అసలు నాచే కాదు, బాక్టీరియా. సయానోబాక్టీరియా అంటారు. దీన్ని మరీ తిట్టడానికి నోరు రాదు, ఎందుకంటే సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట ఈ భూమి గాలిలోకి ఆక్సిజన్ ఎక్కించింది ఈ వంశమే. మన పొలాల్లో అజొల్లా పెంచుతారు చూడండి, దాని ఆకుల్లో దూరి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకి అందించేదీ ఈ జాతే. పొలంలో ఎరువైనది తొట్టెలో బరువైంది, అంతే తేడా.

దీన్ని తియ్యడం తేలికే. ముందు గొట్టంతో పొరంతా పీల్చెయ్యండి. తర్వాత తొట్టెకి నల్లటి దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచండి. ఆ రోజుల్లో మేత వెయ్యకండి, గాలిపంపు మాత్రం ఆపకండి. చేపలకేం కాదు. మొక్కలు కాస్త అలిగి మళ్ళీ కోలుకుంటాయి. దుప్పటి తీశాక సగం నీళ్ళు మార్చండి. ఎరిత్రోమైసిన్ మాత్ర నూరి వేస్తే పోతుందని కొందరంటారు. పోతుంది, నిజమే. బాక్టీరియా కదా. కానీ ఫిల్టర్‌లో మీకు ఊడిగం చేస్తున్న మంచి బాక్టీరియాకీ ప్రమాదమే, ఆ నీళ్ళు తీసుకెళ్ళి మురుగుకాలువలో పోస్తే ఊరందరికీ ప్రమాదమే. దుప్పటితో అయ్యే పనికి మాత్ర ఎందుకండీ?

నీళ్ళే పచ్చబడిపోయిన సంగతి కూడా ఒక్కమాటలో చెప్పి వదిలేస్తాను. నీళ్ళలో తేలే ఏకకణ నాచు అది. దానికీ దుప్పటి వైద్యమే. మీరు ఏ నీటిని చూసి తల పట్టుకుంటారో, కైకలూరులోనో, భీమవరం పక్కనో చేపల చెరువు రైతు ఆ రంగు కోసమే పేడా, సూపర్ ఫాస్ఫేటూ వేస్తాడు. ఆ పచ్చదనం తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని బొచ్చె పెరుగుతుంది. ఆయన చెరువుకి వచ్చిన లక్ష్మి మీ హాల్లోకి వస్తే దరిద్రమైపోయింది.

ఇక చూడ్డానికి నాచులా ఉన్నా దొంగలు కానివాళ్ళ సంగతి. వీళ్ళని పట్టుకుని కొట్టేవాళ్ళే ఎక్కువ కాబట్టి చెప్పాలి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరసగా నల్లటి, గోధుమరంగు బొడిపెలు కనిపిస్తాయి. "రోగం!" అని కత్తెర తీస్తారు. అది ఫెర్న్ జాతి, దానికి పువ్వుల్లేవు, గింజల్లేవు. ఆ బొడిపెలు దాని సిద్ధబీజాల గూళ్ళు. కొన్నాళ్ళాగితే ఆకు కొసన బుల్లి మొక్కలు కూడా వేళ్ళతో సహా లేస్తాయి. ఆ వేళ్ళని నల్లగడ్డం అనుకుని పీకేవాళ్ళూ ఉన్నారు. కొత్త చెక్కదుంగ నీళ్ళలో వేస్తే రెండు మూడు వారాలు దాని మీద తెల్లటి జిగురు బూజు పడుతుంది. చెక్కలోని చక్కెరలు కరిగేదాకా ఉంటుంది, నత్తలు ఇష్టంగా తింటాయి, దానంతటదే పోతుంది. బోరునీళ్ళు వాడే ఇళ్ళల్లో వాలిస్నేరియా ఆకుల మీద తెల్లగా గరుకుగా పొర కడుతుంది. అది నాచు కాదు, సున్నం. కార్బన్ డయాక్సైడ్ చాలక మొక్క నీళ్ళలోని బైకార్బొనేట్‌ని విడగొట్టుకుంటే మిగిలేది. వర్షపునీళ్ళో, ఆర్వో నీళ్ళో కొంత కలిపితే తగ్గుతుంది. ఆకు అడుగున పారదర్శకంగా జెల్లీ ముద్ద, లోపల చుక్కలు ఉంటే నత్తగుడ్లు.

నత్తగుడ్ల మాట వచ్చింది కనుక మొక్క కొని తెచ్చిన రోజు చెయ్యాల్సింది కూడా చెప్పేస్తాను. నాలుగు లీటర్ల నీళ్ళలో ఓ పెద్ద చెంచాడు పటికపొడి కలిపి, మొక్కని రెండు మూడు గంటలు అందులో నానేసి, మంచినీళ్ళలో బాగా జాడించి నాటండి. కాలవగట్టు నుంచి పీక్కొచ్చిన మొక్కైతే ఇంకా జాగ్రత్త. జలగలూ, తూనీగ పిల్లలూ కూడా ఉచితంగా వస్తాయి. తూనీగ పిల్ల మీ గప్పీ పిల్లల్ని ఒక్కొక్కటే ఫలహారం చేస్తుంది.

దొంగలు కానివాళ్ళలో చివరిది మహా విచిత్రం. మరిమో అని పచ్చటి గుండ్రటి బంతి షాపుల్లో అమ్ముతారు. ముద్దుగా ఉంటుంది. అది అచ్చంగా నాచే! జపాన్‌లో హొక్కైడో దీవిలోని ఆకన్ సరస్సులో ఈ బంతులు పెరుగుతాయి. 1952లో వాటిని అక్కడి ప్రభుత్వం ప్రత్యేక ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. ఒక నాచుని పీకడానికి బ్రష్ కొని, ఇంకో నాచుని పెంచడానికి డబ్బిచ్చి కొనుక్కుంటాం. మనుషులం కదా.

ఇప్పుడు చేతిపనికి వద్దాం. వరస ముఖ్యం. మొదట కత్తెర. నాచు గట్టిగా పట్టిన ముదురాకుని బాగు చెయ్యాలని చూడకండి. దాని మీది నాచు చచ్చినా ఆకు మళ్ళీ లేతపడదు, తిన్న తిండి కూడా దానికి దండగే. కాడ మొదట్లోకి కోసెయ్యండి. వాలిస్నేరియా ఆకుని మధ్యలో కోస్తే కోసిన చోట నుంచి కుళ్ళుతూ వస్తుంది, మొదలంటా కోయాలి. అనూబియాస్‌కీ, జావా ఫెర్న్‌కీ అడ్డంగా పాకే దుంప తెగకుండా చూసుకోండి, దాన్ని ఇసకలో పూడ్చకండి. మొత్తం మొక్కని ఒకేరోజు బోడిగుండు చెయ్యకండి, ఈ వారం కొన్ని, పైవారం కొన్ని. రెండు, బ్రష్. మూడు, రేగిన చెత్తంతా గొట్టంతో పీలుస్తూ మూడోవంతు నీళ్ళు తియ్యడం. నాలుగు, ఆ తీసిన తొట్టెనీళ్ళలోనే ఫిల్టర్ స్పాంజి పిండడం. కుళాయి కింద పెట్టారో, క్లోరిన్‌కి అందులోని మంచి బాక్టీరియా కాస్తా పోతుంది. అయిదు, క్లోరిన్ పోయిన నీళ్ళు పొయ్యడం.

చెయ్యి చాలనప్పుడే మందు. నల్లగడ్డానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది. ఇక్కడ ఓ జాగ్రత్త. కావలసింది 3 శాతం ద్రావణం. మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికేది 6 శాతంది, సీసా మీద 20 వాల్యూమ్ అని కూడా ఉంటుంది. సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. సూది లేని సిరంజితో ఎక్కించుకుని, ఫిల్టర్ ఆపి, కుచ్చుల మీదే నెమ్మదిగా వదలండి. పది లీటర్ల తొట్టెనీటికి 3 మిల్లీలీటర్లు దాటొద్దు. ఓ పది నిమిషాలాగి ఫిల్టర్ వెయ్యండి. రెండు మూడు రోజుల్లో నలుపు కాస్తా గులాబిరంగుకో, తెలుపుకో తిరిగిందంటే పని అయినట్టే. మిగిలినదాన్ని రొయ్యలూ చేపలూ చూసుకుంటాయి. రొయ్యలున్న తొట్టెలో మోతాదు ఇంకా తగ్గించండి. మాస్ ఉన్నవైపు చల్లకండి.

దుకాణాల్లో ద్రవకార్బన్ పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, లేదంటే దాని దగ్గరి చుట్టం. ఆస్పత్రుల్లో పరికరాల మీది క్రిములని చంపేందుకు వాడే సరుకు. నాచు మీద పనిచేస్తుంది, కానీ చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, వాలిస్నేరియా ఉంటే అసలు వద్దు, కరిగిపోతుంది. ఇక మొక్కని బయటికి తీసి ముంచే బ్లీచింగ్ వైద్యం ఉంది. ఒక వంతు బట్టల బ్లీచ్‌కి ఇరవై వంతుల నీళ్ళు, అనూబియాస్‌లాంటి మొండిదైతే రెండు నిమిషాలు, అంతకంటే సున్నితమైనదైతే ఒక్క నిమిషం. తర్వాత క్లోరిన్ విరుగుడు వేసిన నీళ్ళలో బాగా జాడించాలి. మాస్‌కీ, వాలిస్నేరియాకీ ఇదీ పనికిరాదు. పెరాక్సైడ్‌నీ బ్లీచ్‌నీ ఎప్పుడూ ఒకచోట కలపకండి.

"ఇదంతా ఎందుకు, తినేవాటిని పెంచితే పోదా?" అంటారా? తప్పకుండా. జపాన్‌లో తకాషి అమానో అని ఒకాయన ఉండేవాడు. 1954లో పుట్టి 2015లో పోయాడు. మొదట్లో వృత్తిగా సైకిల్ పందేలు తొక్కాడు, తర్వాత ఫొటోలు తీశాడు, చివరికి తొట్టెలో కొండలూ లోయలూ అడవులూ దింపి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. పోగుల నాచుని తినడానికి ఓ చిన్న పారదర్శకమైన రొయ్యని వాడకంలోకి తెచ్చింది ఆయనే. అమానో రొయ్య అంటే అదే. తొట్టెలో దాని సంతతి పెరగదు, పిల్లలకి ఉప్పునీరు కావాలి. నెరైట్ నత్త పచ్చచుక్కల్ని సైతం గీకి తింటుంది. బదులుగా ఆకుల మీదా చెక్క మీదా తెల్లటి గుడ్ల చుక్కలు పెట్టిపోతుంది, మంచినీళ్ళలో అవి పొదగవు, ఊడవు కూడా. నల్లగడ్డాన్ని తినేవాటిలో అసలైన సయామీస్ ఆల్గే ఈటర్‌ది పెద్దచెయ్యి. షాపులో ఆ పేరు చెప్పి చైనీస్ ఆల్గే ఈటర్‌ని అంటగట్టడం మామూలే. అది చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యాక పక్క చేపల ఒంటి మీది జిగురు నాకడం మరుగుతుంది. గుర్తు చెప్తాను: అసలుదానికి ఒంటి పక్కన నల్లచార తోక చివరిదాకా పోతుంది. అడుగున పీల్చే నోటితో గాజుకి అతుక్కుంటే అది చైనీస్‌ది.

ఇప్పుడు ఇందాక ఆగమన్న మాట. ఎరువు ఆపితే నాచు చస్తుందా? వరిచేను తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైరు బాగా పిలకేసి దుబ్బు కట్టి నేల కనిపించకుండా కమ్ముకుంటే కలుపు తల ఎత్తదు. పైరు నీరసించి నేల బోసిగా ఉన్నచోటే కలుపు పడుతుంది. కలుపు పడిందని చేనుకి ఎరువు ఆపేస్తామా? పైరే ముందు చస్తుంది. తొట్టెలోనూ అంతే. నాచుకి కావలసిన తిండి అతి స్వల్పం, మొక్కని పస్తుపెట్టినంత మాత్రాన అది పస్తుండదు. పైగా ఆకలిగొన్న మొక్క ఆకులు నీరసించి కుళ్ళి, నాచుకి చోటూ తిండీ ఇస్తాయి. పట్టి చూడండి, మొదట నాచు పట్టేది ఎప్పుడూ ముదురు, నీరసపు ఆకులకే. అందుకే కొత్త తొట్టెలో త్వరగా పెరిగే హైడ్రిల్లా, లిమ్నోఫిలా లాంటి మొక్కలు దట్టంగా నాటమంటారు. ధర తక్కువ, ఆకలి ఎక్కువ.

తగ్గించాల్సింది ఎరువు కాదు, వెలుగు. మనవాళ్ళు పొద్దున లేవగానే తొట్టె లైటు వేసి, రాత్రి పడుకునేటప్పుడు ఆర్పుతారు. పధ్నాలుగు గంటలు! మామూలు తొట్టెకి రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ఓ టైమర్ ప్లగ్ కొనుక్కుంటే మీరు మరిచినా అది మరవదు. తూర్పు కిటికీ ఎండ తొట్టె మీద పడుతుంటే తొట్టైనా జరపండి, తెరైనా కట్టండి. చేపల మేత రెండు నిమిషాల్లో తినేటంత. ఈ మూడూ పాటించే ఇంట్లో నేను పైన చెప్పిన మందుల సీసాల్లో చాలావాటికి దుమ్ము పడుతుంది.

సక్కర్ సంగతి బాకీ ఉన్నాను. షాపులో వేలెడంత ఉండి ముద్దొచ్చే ఆ చేప, అడుగు దాటి పెరుగుతుంది. పెద్దయ్యాక దానికి నాచు మీద మోజు పోతుంది, మొక్కల వేళ్ళు పెకలిస్తుంది, తొట్టె నిండా దాని పెంటే. అప్పుడు ఇంటాయన ఏం చేస్తాడు? చంపడానికి మనసొప్పదు. బక్కెట్లో వేసుకెళ్ళి చెరువులో వదిలేసి, పుణ్యం వచ్చిందనుకుంటాడు. అది దక్షిణ అమెరికా చేప, ఒళ్ళంతా ముళ్ళ కవచం, మన నీళ్ళలో దాన్ని తినే నాథుడు తక్కువ. ఇవాళ తెలుగు నేల మీద చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకుంటున్నది దీన్నే. వలలు చింపుతుంది, కొనేవాడుండడు.

కోసిన ఆకులూ, పీకిన నాచూ, ఎక్కువైన మొక్కలూ కూడా అంతే. గుర్రపుడెక్క కూడా అందం కోసం పరాయి దేశం నుంచి తెచ్చిందే, మన చెరువుల గతి ఏమైందో చూస్తూనే ఉన్నాం. కాబట్టి, ఇంతసేపు కూర్చుని విన్నందుకు నాదొక్క విన్నపం. తొట్టెలోంచి తీసింది ఏదైనా సరే చెరువులో, కాలువలో, మురుగులో వెయ్యకండి. ఎండలో బాగా ఎండబెట్టి కుండీల్లో మొక్కలకి వెయ్యండి, మంచి ఎరువు. తీసిన నీళ్ళు కూడా తులసికోటకో, గులాబీకో పొయ్యండి, మందు వేసిన వారం తప్ప. పెరిగిపోయిన చేపని కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి. వాళ్ళు తీసుకోం అంటే, పెద్ద తొట్టె ఉన్న స్నేహితుణ్ణి వెతకండి. చెరువు మాత్రం ఆ స్నేహితుల లెక్కలో లేదు.